అయిదువేల నలభయ్యవ మనిషి

కాటుకకొండల నడుమ కాలకంఠమనే కనుమ ఉంది. సూర్యుడు నడినెత్తికెక్కినా అక్కడ ఎండ నేలను తాకదు. ఇరువైపులా నల్లరాతి గోడలు పోటీపడి పైకి లేచి, ఆకాశాన్ని నీలిదారమంత సన్నం చేస్తాయి. రాతి నెర్రెల్లో వేలాడే గబ్బిలాలు కింద నడిచేవాళ్ళ పేర్లు గొణుగుతుంటాయని కొండవాళ్ళు చెప్పుకుంటారు.

ఆ కనుమలో ఇద్దరు మాంత్రిక శిష్యులు వడివడిగా నడుస్తున్నారు. ఒంటినిండా బూడిద, నెత్తిన జడలు, మెడలో ఎముకల దండలు. ఒకడు పడుచువాడు. రెండోవాడు ముసలివాడు, ఎడమకాలు ఈడుస్తున్నాడు. ఆ బూడిద కడిగి చూస్తే పడుచువాడు శోణతీర రాజ్యపు యువరాజు కీర్తికేతుడు. ముసలివాడు ఇరుగప్ప. ఒకప్పుడు శోణతీర సైన్యానికి ముందు జెండా టెక్కెం పట్టి నడిచిన మనిషి. గుర్రం కిందపడి కాలు విరిగాక యుద్ధాలు మాని, తల్లిలేని రాజబిడ్డను భుజాన వేసుకుని పెంచాడు.

కనుమ చివర, నోరు తెరిచిన గుహలాంటి ద్వారం దగ్గర, ఏకాక్షుడనే భూతం అడ్డంగా కూర్చుని ఉంది. నొసటి నడుమ పళ్ళెమంత ఒంటికన్ను. చేతిలో చెట్టు మాను.

"ఎవర్రా?"

"ధూమ్రజటులవారి శిష్యులం. పొద్దుగూకేలోపు శిలలను చూసి రమ్మన్నారు గురువుగారు" అన్నాడు కీర్తికేతుడు తొణక్కుండా.

భూతం కన్ను ముసలివాడి కాలిమీద వాలింది. "మా దొర కుంటివాణ్ణి శిష్యుడిగా తీసుకోడే! నడవలేనివాడు శవాన్నెట్టా మోస్తాడు?"

"మోసి మోసే ఇట్టా అయింది నాయనా" అంటూనే ఇరుగప్ప నడుముకు కట్టిన తిత్తి విప్పి, గుప్పెడు మిరియాల పొడి ఆ పళ్ళెమంత కంట్లో కొట్టాడు.

భూతం పెట్టిన కేకకు గోడల మీది గబ్బిలాలన్నీ ఒక్కసారి లేచాయి. చెట్టు మాను గిర్రున తిరిగి రాతిగోడను తాకింది. బండలు దొర్లాయి. కీర్తికేతుడు ఒక్క ఉదుటున ముసలివాణ్ణి వీపుమీద వేసుకుని ద్వారంలోకి దూకాడు. వెనక కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. ముందు అడుగు కనిపించని అగాధం. అవతలి గట్టు మీద ఎండిన మర్రివేరొకటి వేలాడుతోంది. ఆగి ఆలోచించే వ్యవధి లేదు. యువరాజు పరుగు ఆపకుండానే ఎగిరాడు. వేరు అందింది, ఊగింది, పుటుక్కుమంది. తెగేలోపు ఇద్దరూ అవతలి గట్టు మీద బోర్లా పడ్డారు.

"బతికున్నావా తాతా?"

"ఉన్నా బాబూ. ఎముకల దండ మాత్రం తెగింది. పీడా వదిలింది" అన్నాడు ఇరుగప్ప దుమ్ము దులుపుకుంటూ. తల ఎత్తి ముందుకు చూశాడు. 

ఎదురుగా శిలాక్షేత్రం.

చూపు ఆనినంత మేర తెల్లని ఇసుక. ఆ ఇసుక మీద రాతిమనుషులు. ఎత్తిన కత్తులు ఎత్తినట్టే ఉన్నాయి. వదలబోయిన బాణాలు వింటినారి మీదే ఆగిపోయాయి. ఒకడు పక్కవాడి మీద పడబోయే దెబ్బకు డాలు అడ్డం పెడుతూ శిలయ్యాడు. ఒకడు కిందపడ్డ చెలికాడికి చెయ్యి అందిస్తూ శిలయ్యాడు. రాతి కనురెప్పల మీద పిచ్చుకలు గూళ్ళు కట్టాయి. రాతి నోళ్ళలో ఇసుక నిండింది. గాలి వీచినప్పుడల్లా ఆ నోళ్ళలోంచి సన్నగా ఊళ వచ్చేది.

సరిగ్గా ఏడాది కిందట ఈ సైన్యం మాంత్రికుడు ధూమ్రజటుడి మీదికి దండెత్తి వచ్చింది. వాళ్ళలో కీర్తికేతుడూ ఒక కాలిబంటు. రాజకొడుకైనా మొదటి యుద్ధం కాలినడకనే చెయ్యాలన్నది ఆ వంశాచారం. తొలిరోజే రొమ్ములో బాణం దిగి అతడు స్పృహ తప్పితే, దండనాయకుడు గుర్రానికి కట్టించి ఇంటికి పంపేశాడు. మర్నాడు ధూమ్రజటుడు ఊదిన పొగకు మిగిలినవాళ్ళంతా నిలుచున్నచోటే రాయైపోయారు. ఈరోజు సూర్యాస్తమయానికి గడువు తీరుతుంది. తీరితే రాళ్ళు ఇసుకైపోతాయి.

ఇరుగప్ప కుంటుకుంటూ రాళ్ళ మధ్యకు వెళ్ళాడు. వెతకనక్కర్లేకపోయింది. పెద్దకొడుకు మాచన్న ముందు వరసలోనే ఉన్నాడు. చిన్నవాడు పోలన్న అన్న వీపుకు వీపు ఆనించి నిలుచున్నాడు. ముసలివాడు పోలన్న పెదవుల మీది ఇసుకను కొనవేలితో తుడిచాడు.

"పెళ్ళై నెల తిరక్కముందే దండుతో వచ్చినాడు బాబూ వీడు" అన్నాడు. అంతే అన్నాడు.

క్షేత్రానికి నడుమ నల్లని బండ ఒకటి, దానికొక ఇనుపకడియం ఉన్నాయి. కీర్తికేతుడు ఆ బండెక్కగానే పక్కనున్న రాతిస్తంభం నుంచి ఒక ఆడగొంతు పలికింది. స్తంభంలో సగం దాకా చిక్కుకున్న యక్షిణి ముఖం కనిపించింది. అందమైన ముఖం. చెంపల మీద నీళ్ళు కారి కారి చారలు పడ్డాయి.

"నేను శిలాముఖిని. ఈ క్షేత్రానికి కావలి. నన్నూ ఆ ధూమ్రజటుడే కట్టాడు. అబద్ధం ఆడే శక్తి నాకు లేదు. అడుగు."

"వీళ్ళను బతికించే ఉపాయం చెప్పు తల్లీ!"

"ఈ కట్టుకు తొమ్మిది ముళ్ళున్నాయి. నువ్వు అంకె పిలిస్తే శిలలు అన్ని వరసలుగా కదులుతాయి. రెండు వరసలు, మూడు, నాలుగు, అలా పది దాకా. ప్రతిసారీ వరసలన్నీ సమంగా రావాలి. ఒకడు మిగలకూడదు, ఒకడు తక్కువ కాకూడదు. సమంగా వచ్చిన ప్రతిసారీ ఒక ముడి విడుతుంది. తొమ్మిదీ విడితే అందరూ లేస్తారు."

"రెండు!" అని అరిచాడు కీర్తికేతుడు వెంటనే.

ఇసుక కదిలింది. వేల రాళ్ళు ఒరుసుకున్న మోతకు కొండలు దద్దరిల్లాయి. శిలలు జారుతూ, తిరుగుతూ రెండు బారులు తీరాయి. మొదటి బారు నిండింది. రెండో బారు చివర ఒక్క చోటు ఖాళీ. ఫెళ్ళుమని చప్పుడైంది. ప్రతి శిల మీదా వెంట్రుకంత బీట పడింది.

"మూడు!"

మూడో వరస చివర ఒక్క చోటు ఖాళీ. బీట వేలెడంత అయింది.

"నాలుగు!"

మళ్ళీ ఒక్కటే తక్కువ. మాచన్న రాతిచెవి రాలి ఇసుకలో పడింది. ఇరుగప్ప రెండు చేతులూ ఎత్తి, "ఆపు బాబూ, ఆపు!" అని కేకపెట్టాడు.

కీర్తికేతుడు శిలాముఖి వైపు తిరిగాడు. "ఎంతమంది ఉన్నారిక్కడ?"

"అయిదు వేల ముప్పై తొమ్మిది మంది" అంది శిలాముఖి. "ఇంకో సంగతి విను. రెండు కాకపోతే పోనీ, ఏ అంకె పెట్టి అయినా వీళ్ళను ఒక్కసారి సమంగా చీల్చగలిగితే మరో ఏడాది గడువు దొరుకుతుంది. ఒక్కడొక వరస అనకూడదు, అందరూ ఒకే వరస అనకూడదు."

యువరాజు అక్కడ పడి ఉన్న పాత బాణపు మొనతో ఇసుకలో లెక్కలు వేశాడు. ఇక పిలిచి చూసే సాహసం లేదు. అయిదు పెడితే ఒకటి తక్కువ. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, ఏది పెట్టినా ఒకటి తక్కువ. పదకొండు పెడితే ఒకటి మిగిలింది. పదమూడు పెడితే ఎనిమిది మిగిలాయి. పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు... నీడలు సాగుతున్నాయి. అరవై ఏడు దాకా వెళ్ళి బాణం కింద పడేశాడు.

"ఇంకా పైకి చూడవేం బాబూ?"

"చూసి లాభం లేదు తాతా. డెబ్బై ఒకటిని డెబ్బై ఒకటితో హెచ్చిస్తేనే అయిదు వేల నలభై ఒకటి, ఈ సంఖ్య దాటిపోతుంది. అంతకన్నా పెద్ద అంకె ఏదైనా దీన్ని చీల్చేదుంటే, దానికి జోడుగా ఒక చిన్న అంకె ఉండాలి. చిన్నవన్నీ చూసేశాను. ఇది ఎవరికీ లొంగని సంఖ్య."

"ధూమ్రజటుడికీ తెలుసు" అంది శిలాముఖి. "అందుకే నవ్వుతూ వెళ్ళాడు. ఇక్కడికి వచ్చేవాడికి ఒక మాట చెప్పమన్నాడు కూడా. చెప్పడానికి నా నోరు రావడం లేదు, అయినా చెప్పక తప్పదు. రెండు నుంచి పది దాకా అన్ని అంకెలకూ చీలే సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది రెండు వేల అయిదు వందల ఇరవై. అంతమందిని ఉంచి, తక్కిన రెండు వేల అయిదు వందల పంతొమ్మిది మందిని సుత్తె పెట్టి పగలగొట్టు. ఉంచినవాళ్ళు లేస్తారు."

కీర్తికేతుడు శిలలవైపు చూశాడు. వీళ్ళలో ఎవరి తల మీద సుత్తె ఎత్తాలి? డాలు అడ్డం పెట్టినవాడి మీదా, ఆ డాలు చాటున ఉన్నవాడి మీదా?

"ఆ మాట మళ్ళీ అనకు తల్లీ" అన్నాడు మెల్లగా. అలా అన్నవాడల్లా హఠాత్తుగా తల ఎత్తాడు. "ఉంచేది రెండు వేల అయిదు వందల ఇరవై అయితే, దానికి రెట్టింపు అయిదు వేల నలభై! అది మా తాతగారు పెట్టిన సైన్యం లెక్క. ఒకటిని రెండుతో, దాన్ని మూడుతో, అలా ఏడు దాకా హెచ్చిస్తే వచ్చే సంఖ్య. ఏ వ్యూహం పన్నినా మనిషి మిగలకూడదని కట్టిన లెక్క. ఇక్కడ ఒక్కడు తగ్గాడు. గుర్రం మీద ఇంటికి వెళ్ళినవాడు."

శిలాముఖి కళ్ళు దించుకుంది. "అవును. ఆ ఖాళీ చోటు నీది."

"అయితే నేను వెళ్ళి నిలబడితే అన్ని వ్యూహాలూ కుదురుతాయా?"

"కుదురుతాయి. ప్రాణంతో ఎవరు నిలబడినా కుదురుతాయి. కాని వాళ్ళ నుంచి విడిన ప్రతి ముడీ అతని మీద పడుతుంది. పాదాల నుంచి మొదలై రాయి పైకి పాకుతుంది. పది అని పిలిచేదాకా గొంతు ఉంటుంది. ఆ తర్వాత అందరూ లేస్తారు. అతడు లేవడు. ఒకసారి అడుగుపెట్టినవాడు వెనక్కి రావడానికీ వీల్లేదు."

ఇరుగప్ప దగ్గరికొచ్చాడు. "నేను పోతా."

"లేదు. ఆ చోటు నాది."

"నువ్వు రాయైతే ఈ లేచినోళ్ళు ఎవరెనక నడవాల? నాకు డెబ్బై ఏళ్ళొచ్చినై. కొడుకులిద్దరూ ఈడనే ఉన్నారు. వాళ్ళ పక్కన నిలబడితే నాకు లోటేంది?"

"అయితే ఇద్దరం పోదాం" అన్నాడు కీర్తికేతుడు మొండిగా. "వరసలో నిలబడే అంకెలు పిలుస్తాను. నువ్వొక్కడివే రాయి కావద్దు తాతా, నేనూ పక్కనే ఉంటాను."

ఆ మాటకు ముసలివాడి ముఖం ఒక్క క్షణం వెలిగింది. అదే క్షణంలో యువరాజు ముఖం వాడిపోయింది. నోటితో ఏం అంటున్నా మనసు లెక్క వేసేసింది. ఇద్దరు వెళితే అయిదు వేల నలభై ఒకటి. డెబ్బై ఒక వరసలు, వరసకు డెబ్బై ఒక్కరు, చక్కని చదరం. కాని డెబ్బై ఒకటి తప్ప దాన్ని చీల్చే అంకె మరొకటి లేదు. రెండు వరసలు చేస్తే ఒకడు మిగులుతాడు. మూడు చేసినా, పది చేసినా, ఒకడు మిగులుతాడు.

"ఏం బాబూ, కుదరదా?"

"కుదరదు తాతా. ఒక్కడే వెళ్ళాలి."

 పడమటి కొండ మీద ఎండ ఎర్రబారింది.

"ఇది రాజాజ్ఞ" అన్నాడు కీర్తికేతుడు గొంతు గట్టి చేసుకుని. "నువ్వు ఈ బండెక్కి అంకెలు పిలువు. నేను వెళతాను."

"చిత్తం దొరా" అన్నాడు ఇరుగప్ప. వంగి అతని పాదాలకు దండం పెట్టాడు. మారువేషంలో నడుముకు చుట్టుకున్న తలపాగా విప్పి, ఆ పాదాల దుమ్ము తుడిచాడు. ఎంతకీ లేవలేదు. ఏడుస్తున్నాడేమోనని యువరాజు కదలకుండా నిలబడ్డాడు. ముసలివాడు లేచి రెండడుగులు వెనక్కి వేసి, గిరుక్కున తిరిగి పరుగెత్తాడు. కుంటికాలితో అంత పరుగు ఎవరూ చూసి ఉండరు. కీర్తికేతుడు ముందుకు దూకబోయి బండ మీద బోర్లాపడ్డాడు. తలపాగా అతని చీలమండను ఇనుపకడియానికి కట్టేసి ఉంది. మొలలోని బాకు దూసి ఆ గుడ్డ కోసేసరికి, ఇరుగప్ప నాలుగో వరస చివరి ఖాళీ చోటులో నిలబడి ఇటువైపు తిరిగాడు.

"తాతా! ఎంత పని చేశావు!"

"నా జన్మలో నీ మాట కాదన్నది ఇదొక్కటే బాబూ. తిట్టదల్చుకుంటే తర్వాత తిట్టు. పొద్దు పోతా ఉంది. పిలు!"

 శిలాముఖి, "రాజపుత్రా, సూర్యుడు!" అంది. అతడు కళ్ళు మూసుకుని, "రెండు!" అన్నాడు.

శిలలు కదిలాయి. రెండు బారులు, బారుకు రెండు వేల అయిదు వందల ఇరవై. ఆకాశంలో ఏదో తెగిన చప్పుడు. ఇరుగప్ప పాదాలు తెల్లబారి రాయయ్యాయి.

"నెప్పి లేదు. చల్లగా ఉంది, ఏట్లో దిగినట్టు. పిలు!"

"మూడు!" వరసకు వెయ్యిన్ని ఆరు వందల ఎనభై. మోకాళ్ళు రాయయ్యాయి. "కుంటికాలు సలుపు పోయింది బాబూ, ఇన్నేళ్ళకు!" అని నవ్వాడు ముసలివాడు.

"నాలుగు!" "అయిదు!" "ఆరు!" ఒక్కొక్క పిలుపుకూ యువరాజు గొంతు సన్నగిల్లుతోంది. వ్యూహాలు మాత్రం అరవిచ్చిన పువ్వుల్లా ఒకదాని నుంచి ఒకటి విచ్చుకుంటున్నాయి. ఎక్కడా ఒక్కడు తక్కువ లేడు, ఒక్కడు ఎక్కువ లేడు. "ఏడు!" అన్నప్పుడు వరసకు ఏడు వందల ఇరవై మంది నిలిచారు. జారుతూ వచ్చిన శిలల్లో మాచన్న ఒకడు, వచ్చి తండ్రి ఎదుట ఆగాడు. రొమ్ము దాకా రాయైన ఇరుగప్ప కుడిచెయ్యి చాచాడు. వేళ్ళు కొడుకు చెంపను తాకాయి. కీర్తికేతుడు ఆగాడు.

"పిలవను తాతా. కాసేపు ఆగుతాను."

"ఆగితే వీడు ఇసకైపోతాడు. ఈ చేత్తో వాణ్ణి ముట్టుకున్నా, చాలు. పిలు నాయనా!"

"ఎనిమిది!"

మాచన్న జారిపోయాడు. చాచిన చెయ్యి చాచినట్టే రాయైంది.

"తొమ్మిది!"

రాయి మెడ దాకా వచ్చింది. ఇరుగప్ప తల మాత్రం ఆడుతోంది. పడమటి వెలుగు ఆ ముడతల మొహం మీద పడింది. "బాబూ, నా కోడళ్ళకు చెప్పు. మామ యుద్ధంలో పోయినాడని చెప్పు. రాయైనాడని చెప్పమాకు" అన్నాడు.

సూర్యుడు అంచు మాత్రం మిగిలాడు. కీర్తికేతుడు రెండు చేతులూ జోడించి, పిలిచాడో ఏడ్చాడో తెలియని గొంతుతో, "పది!" అన్నాడు.

పది వరసలు, వరసకు అయిదు వందల నాలుగు. చివరి ముడి విడింది. కొండలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చినట్టయింది. రాతి బూడిద రాలింది. కత్తులు దిగాయి, బాణాలు గాల్లోకి లేచాయి, వేల నోళ్ళు ఇసుక ఉమ్మి దగ్గాయి. సగంలో ఆగిన యుద్ధకేక ఏడాది తర్వాత పూర్తయింది.

పోలన్న కళ్ళు తెరిచేసరికి అతని భుజం మీద ఒక రాతిచెయ్యి ఉంది. పదో వ్యూహం అతణ్ణి తెచ్చి ఆ చేతికిందే నిలబెట్టింది. వెనక్కి తిరిగి చూశాడు.

"అన్నా! ఇట్రా! ఇదేందన్నా, నాయన మాదిరుంది!"

మాచన్న తెగిన చెవిని అరచేత్తో అదుముకుంటూ పరుగెత్తుకొచ్చాడు. బండ దిగి వస్తున్న యువరాజును చూశాడు. "దొరా, మా నాయన ఇంట్లో గదా ఉండాల్సింది! ఎవరు చెక్కినారు ఈ బొమ్మ?"

కీర్తికేతుడు  ఆ ఇద్దరి చేతులూ పట్టుకుని, వాళ్ళ తండ్రి రాతిపాదాల దగ్గర కూలబడ్డాడు. అంతకన్నా చెప్పాల్సిన పని లేకపోయింది. పోలన్న తండ్రి నడుము కౌగిలించుకుని వలవల ఏడ్చాడు. మాచన్న ఏడవలేదు. కవచం విప్పి, లోపలి అంగీ చించి, తండ్రి మొహం మీది బూడిద తుడుస్తూ కూర్చున్నాడు. చుట్టూ అయిదు వేల మంది చేతుల్లోని కత్తులు నేలకు ఆనించి తలలు వంచారు.

"శిలాముఖీ!" అన్నాడు యువరాజు తలెత్తి. "ఇంకేమీ దారి లేదా?"

"ఈ క్షేత్రంలో అతనికి ప్రాణం తిరిగి రాదు."

"ఈ క్షేత్రంలో రాదు. మరెక్కడ?"

యక్షిణి పెదవులు కదిలాయి. అంతలో ఆమె కళ్ళు భయంతో పైకి లేచాయి. "ధూమ్రజటుడికి తెలిసిపోయింది! శిలగా మిగిలినదంతా అతని సొత్తు! పారిపోండి!"

ఉత్తరాన ఆకాశం చినిగినట్టు ఒక అరుపు. మేఘమంత రాబందు ఒకటి, ఇనుపరెక్కలు చప్పుడు చేస్తూ, సంధ్యవెలుగును మింగుకుంటూ దిగివచ్చింది. దాని రెక్కగాలికి కండలు తిరిగిన మనుషులు గడ్డిపోచల్లా ఎగిరిపడ్డారు. వందల బాణాలు లేచి దాని ఈకల మీద టంగుటంగుమని విరిగిపోయాయి. ఏనుగు తొండమంత గోళ్ళు ఇరుగప్ప శిలను నడుము దగ్గర పట్టి పెకలించాయి. నడుము వాటేసుకున్న పోలన్న జారి ఇసుకలో పడ్డాడు.

"నాయనోయ్!"

కీర్తికేతుడు పరుగెత్తి మాచన్న వంచిన వీపు మీద కాలు పెట్టి ఎగిరాడు. చేతులకు చల్లని రాతిపాదం తగిలింది. పట్టుకున్నాడు. నేల కిందికి పడిపోయినట్టయింది.

"దొరా! వదిలెయ్యండి దొరా!" అన్న కేకలు సన్నబడి, కింద పది వరసల సైన్యం పది గీతలై, ఆ గీతలు కూడా మసకలో కలిసిపోయాయి. చివరిదాకా రెండు చుక్కలు మాత్రం ఇసుకలో ఉత్తరం వైపు పరుగెత్తుతూ కనిపించాయి.

గాలి కొరడాలా కొడుతోంది. కీర్తికేతుడు వేళ్ళు తెగి నెత్తురు కారుతున్నా పట్టు వదలకుండా ఆ పాదాల మీది నుంచి మోకాళ్ళకు, మోకాళ్ళ నుంచి నడుముకు పాకాడు. రాతిమెడ చుట్టూ చేతులు వేసి, ఆ రాతిచెంపకు తన చెంప ఆనించాడు. మంచులా చల్లగా ఉంది. పెంచినవాడి ఒంటికి ఎప్పుడూ ఉండే చెమటవాసన లేదు, వక్కపొడి వాసన లేదు. అప్పుడు అతనికి గుండె పగిలినట్టు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు వినడానికి మేఘాలు తప్ప ఎవరూ లేరు.

ముందు, మబ్బుల చివర, పొగతో కట్టిన ధూమ్రజటుడి కోట మెల్లగా ద్వారం తెరుచుకుంటోంది. రాబందు రెక్కలు ముడిచి అందులోకి రాయిలా దిగింది.